సింగపూరు కాసినో: మనకు మాత్రం టిక్కెట్టు లేదు

మరీనా బే సాండ్స్ కాసినో గుమ్మం దగ్గర రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి సింగపూరు పౌరులకూ, పర్మనెంట్ రెసిడెంట్లకూ. రెండోది మిగతా ప్రపంచమంతటికీ. మొదటి వరుసలో వాళ్ళు 150 సింగపూరు డాలర్లు కడితేనే లోపలికి వెళ్ళనిస్తారు, అదీ 24 గంటలకే. రెండో వరుసలో వాళ్ళు పాస్‌పోర్టో వర్క్ పాసో చూపిస్తే చాలు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉద్యోగం చేసే మనవాళ్ళు, డిపెండెంట్ పాస్ మీద వచ్చిన వాళ్ళ ఇల్లాళ్ళు, మనవడిని చూసి పోదామని నెల్లాళ్ళకి వచ్చిన అమ్మానాన్నలు, అందరిదీ రెండో వరుసే.

ఇంత ఖరీదైన ఊళ్ళో ఊరికే రానిచ్చే ఏసీ గది ఇదొక్కటేనని మన విందుల్లో ఒక జోకు. జోకు బాగానే ఉంది. కానీ ఆ 150 డాలర్లు ఎందుకు పెట్టారో, మన దగ్గర ఎందుకు తీసుకోవడం లేదో ఒకసారి ఆలోచిస్తే అంత నవ్వు రాదు.

చాలా ఏళ్ళపాటు సింగపూరులో కాసినో అన్న మాటే లేదు. లీ క్వాన్ యూ అందుకు ఒప్పుకోలేదు. 2005 ఏప్రిల్ 18న అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ పార్లమెంటులో నిలబడి రెండు కాసినోలకు అనుమతి ఇస్తున్నట్టు ప్రకటించారు. పర్యాటకులు తగ్గిపోకూడదు, ఉద్యోగాలు రావాలి, ఇదీ లెక్క. పేరు కూడా జాగ్రత్తగా పెట్టారు: ‘ఇంటిగ్రేటెడ్ రిసార్ట్’. హోటళ్ళు, సమావేశ మందిరాలు, మ్యూజియం, అక్వేరియం, వాటి మధ్య ఎక్కడో ఒక కాసినో. 2010 ఫిబ్రవరిలో సెంటోసా ద్వీపంలో రిసార్ట్స్ వరల్డ్, ఏప్రిల్‌లో మరీనా బే సాండ్స్ తలుపులు తెరిచాయి.

అంటే ప్రభుత్వం మనసులో మొదటినుంచీ ఉన్నది ఇది: బయటివాళ్ళ డబ్బు రావాలి, ఇంట్లోవాళ్ళు పాడవకూడదు. అందుకే సొంతవాళ్ళకు కంచె కట్టింది. మొదట 100 డాలర్ల రుసుము, 2019 ఏప్రిల్ నుంచి 150. ఏడాదికి ఒకేసారి కట్టేస్తే 3,000. లోపల ఏటీఎం ఉండకూడదని చట్టం. ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్ళకూ, దివాలా తీసినవాళ్ళకూ ప్రవేశం లేదు. కాలనీలనుంచి జనాన్ని ఉచితంగా తీసుకుపోయే బస్సులు నడిపితే 2010లోనే ఆపించేశారు. ఇంత శ్రద్ధ తీసుకున్న ప్రభుత్వాలు తక్కువే.

ఆ శ్రద్ధలో సగం మన దాకా రాదు. మనం ఈ లెక్కలో పర్యాటకుల పక్షం! పదేళ్ళుగా ఇక్కడే పన్ను కడుతున్నా, పిల్లలు ఇక్కడి బడిలోనే చదువుతున్నా, ఆ గుమ్మం దగ్గర మాత్రం నిన్న విమానం దిగినవాడితో సమానం. పీఆర్ చేతికి వచ్చిన రోజునుంచే మనమీద దయ మొదలవుతుంది, రోజుకు 150 డాలర్ల చొప్పున.

ఆ రుసుములోనూ ఒక మెలిక ఉంది. కట్టినవాడు ఊరికే తిరిగి రాడు. ముందు ఈ 150 రాబట్టుకుందామని కూర్చుంటాడు. పైగా 3,000 అంటే 20 సార్ల రుసుము. నెలకు రెండుసార్లు వెళ్ళేవాడికి వార్షిక రుసుమే చవక. ఎప్పుడో ఒకసారి సరదాగా వెళ్ళేవాణ్ణి ఆపగలిగిన కంచె, రోజూ వెళ్ళేవాడికి బస్సు పాసు లాగా తయారైంది.

ఇక మనవాళ్ళు ఎందుకు వెళతారు? డబ్బాశ అని ఒక్క మాటలో తేల్చేయడం సరికాదు. శుక్రవారం రాత్రి పదకొండింటికి ఆఫీసునుంచి బయటపడ్డ కుర్రాడికి ఇంట్లో ఎవరూ ఉండరు. బయట ఉక్కపోత. ఇక్కడ చల్లగా ఉంటుంది, టీ, కాఫీ ఊరికే ఇస్తారు, ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. మేనేజరు లేడు, అప్రైజల్ లేదు. బల్ల మీద చీట్ల ముందు కంపెనీ డైరెక్టరూ టాక్సీ డ్రైవరూ ఒకటే. పది నిమిషాల్లో మనం తీసుకున్న నిర్ణయం తప్పో ఒప్పో తేలిపోతుంది. ఆఫీసులో అది తేలడానికి ఏడాది పడుతుంది! నాలుగైదుసార్లు పరిమితంగా పోగొట్టుకుని, సినిమా చూసి వచ్చినట్టు ఇంటికి వచ్చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళే ఎక్కువ. వాళ్ళ మీద ఎవరికీ ఫిర్యాదు ఉండనక్కర్లేదు. పేకాట మనకు కొత్తా? సంక్రాంతి కోడిపందాలు కొత్తా?

చిక్కు వచ్చేది లెక్కలు వచ్చినవాళ్ళతో. మనలో ఇంజనీర్లు ఎక్కువ కాబట్టి ‘సిస్టం’ అన్న మాటా ఎక్కువే వినిపిస్తుంది. అందరికీ తెలిసిన సిస్టం ఒకటి ఉంది: రూలెట్‌లో ఎరుపు మీద 25 డాలర్లు పెట్టు, పోతే రెట్టింపు చెయ్యి, గెలిచేదాకా రెట్టిస్తూ పో, చివరికి 25 లాభం ఖాయం. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. ఒక్క సున్నా ఉన్న చక్రంలో 37 గదులు, అందులో ఎర్రవి 18. అంటే ప్రతిసారీ ఓడే అవకాశం 37లో 19. వరసగా ఏడుసార్లు ఓడితే పోయేది 25, 50, 100, 200, 400, 800, 1,600, మొత్తం 3,175 డాలర్లు. ఆపైన రెట్టించాలంటే బల్ల మీద రాసిన గరిష్ఠ పరిమితి అడ్డొస్తుంది, లేదా జేబు అడ్డొస్తుంది. ఏడుసార్లు వరసగా ఎవరు ఓడతారండీ అంటారు. గంటకు 35 చుట్ల లెక్కన నాలుగు గంటలకు పైగా కూర్చుంటే 150 చుట్లు అవుతాయి. అంతసేపట్లో అలాంటి వరస ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు సగానికి సగం. రాకపోతే 1,800 దాకా గెలుస్తారు. ఆ గెలిచిన రాత్రే అసలు ప్రమాదం. సిస్టం పనిచేస్తోందని నమ్మకం కుదిరేది ఆ రాత్రే.

నూరు డాలర్లు పెడితే సగటున 2 డాలర్ల 70 సెంట్లు కాసినోకి మిగులుతుంది రూలెట్‌లో. బాకరాలో ఇంకా తక్కువ, ఒకటిన్నర డాలరు లోపే. ఇంత తక్కువ మిగులుతో ఆ మేడలు ఎలా లేచాయంటే, అదే నూరు డాలర్లు ఒక రాత్రిలో ముప్ఫైసార్లు బల్ల మీదకి వెళ్ళి వస్తాయి కనుక. మోసం అక్కర్లేదు, మనం కూర్చుంటే చాలు.

ఇప్పుడు మన దేశం సంగతి చూడండి. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అక్కడ తలుపు మూశారు, ఇక్కడ తలుపు దగ్గర ధర పెట్టారు. ఏది మేలన్న వాదన ఎంతసేపైనా చేసుకోవచ్చు. మూసిన తలుపూ, ధర పెట్టిన తలుపూ రెండూ తన ముందు లేనివాడు మాత్రం ఎంప్లాయ్‌మెంట్ పాస్ వాడే.

ఇక్కడి జూద వ్యసన నివారణ మండలి కొన్నేళ్ళకోసారి సర్వే చేయిస్తుంది. వ్యసనపరులు 2020లో నూటికి 1.2, 2023లో 1.1 అని తేలింది. ఊరట కలిగించే అంకెలే. కాకపోతే ఆ సర్వే అడిగింది పౌరుల్నీ, పీఆర్‌లనీ. రెండో వరుసలోంచి లోపలికి వెళ్ళినవాళ్ళు అందులో లేరు. మనలో ఎంతమందికి ఈ జబ్బు ఉందో చెప్పే అంకె అందులో దొరకదు.

నష్టం కూడా మన దగ్గర వేరే తీరులో ఉంటుంది. స్థానికుడు అప్పులపాలైతే అన్నదమ్ములు, ఇల్లు, రేషన్ కార్డు లాంటివేవో ఊళ్ళోనే ఉంటాయి. మనవాడి వీసా ఉద్యోగం మీద, భార్యాపిల్లల వీసా అతని వీసా మీద. ఊళ్ళో కట్టే అపార్టుమెంటు వాయిదాలు ఇతని జీతం మీద. ఒక ఇటుక కదిలితే అన్నీ కదులుతాయి. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే డిపెండెంట్ పాస్ మీద ఉన్న ఇల్లాలికి చాలా ఇళ్ళలో జీతం ఖాతా వివరాలే తెలియవు.

అయితే కంచెలో కొంత భాగం మనకూ పనికొస్తుంది, ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు. ‘నన్ను లోపలికి రానివ్వకండి’ అని ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకునే సదుపాయం విదేశీయులకూ ఉంది. దాన్ని మొదటి ఏళ్ళలో బాగా వాడుకున్నది నిర్మాణ పనులకు వచ్చిన విదేశీ కార్మికులు. ఆఫీసు ఉద్యోగులమైన మనకేమో అది పరువు తక్కువ! ఒకసారి పెట్టుకుంటే ఏడాది నిండేదాకా వెనక్కి తీసుకోవడం కుదరదు. మనసు మారే మనిషికి కావలసిందే అది. కుటుంబం తరఫున ఇంకో దారి ఉంది. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల్లో ఎవరైనా దరఖాస్తు పెడితే ఒక కమిటీ ఇద్దరి మాటా విని నిషేధం విధించవచ్చు. దీనికి ఎక్కువ ధైర్యం కావాలి. మూడు వేల కిలోమీటర్ల అవతల ఉన్న అత్తమామలకు ఏం చెప్పాలన్న భయమే చాలామందిని ఆపేస్తుంది.

మరీనా బే సాండ్స్ పక్కన ఇంకో గోపురానికి 2025 జులైలో శంకుస్థాపన అయింది, ఖర్చు 800 కోట్ల అమెరికన్ డాలర్లు. ఈ ఊళ్ళో మూడో కాసినోకి 2030 చివరిదాకా అనుమతి ఇవ్వమని ప్రభుత్వం ఈ ఇద్దరికీ మాట ఇచ్చింది. సెలవులకు వచ్చే పెద్దవాళ్ళకు ఆ మేడ పై అంతస్తూ, పక్కన పూలతోటల్లో రాత్రి దీపాలూ తప్పక చూపించండి. కాసినో కూడా చూస్తామంటే చూపించవచ్చు, 21 ఏళ్ళు నిండినవాళ్ళకి అడ్డేమీ లేదు. అక్కర్లేదనుకుంటే పాస్‌పోర్టులు ఇంట్లో పెట్టి బయల్దేరండి, గుమ్మం దగ్గర వాళ్ళే వెనక్కి పంపేస్తారు.