చూస్తే వచ్చినట్టుంటుంది, చేస్తేనే వస్తుంది



ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ జరిగిందంటే ఆ సందడి మా గేమ్స్ పీరియడ్ దాకా వస్తుంది. 2025 ఏప్రిల్ 12, శనివారం రాత్రి అక్కడ పంజాబ్ మీద అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 పరుగులు కొట్టాడు. సెలవులయ్యాక మంగళవారం ఐదో తరగతి బాబు ఒకడు ‘ఆ షాట్ నాకు వచ్చు సార్’ అంటూ బ్యాట్ అందుకున్నాడు. హైలైట్స్ ఎన్నిసార్లు చూశావురా అంటే లెక్కలేదన్నాడు. వాడిది కుడిచేతి వాటం. అయినా అభిషేక్‌లా ఎడమచేతి వాటంగానే నిలబడ్డాడు. నాలుగు బంతులు బ్యాట్‌కి తగల్లేదు. ఐదోది కాలికి తగిలింది. బ్యాట్ కింద పెట్టి, ‘నాకు రాదు సార్’ అని వెళ్లి నీడలో కూర్చున్నాడు.

‘వచ్చు’కీ ‘రాదు’కీ మధ్య ఐదే ఐదు బంతులు. ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

తప్పు ఆ బాబుది కాదు. పెద్దవాళ్లమూ అంతే. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి ఒక పని వీడియోను ఒక్కసారి, కొందరికి ఇరవైసార్లు చూపించారు. గురి చూసి చిన్న బాణం విసరడం, మైకేల్ జాక్సన్ మూన్‌వాక్ వంటివి అవి. ఎక్కువసార్లు చూసినవాళ్లకు ‘నేను చేయగలను’ అన్న ధీమా పెరిగింది. తీరా చేయమంటే, ఒక్కసారి చూసినవాళ్లకన్నా బాగా చేసింది లేదు. చూడటం ధీమాను పెంచింది కానీ పనిని నేర్పలేదు.

అలాగని చూడటం దండగ అనను. ఇటలీలోని పార్మా నగరంలో రిజోలాటి బృందం 1990ల మొదట్లో కోతుల మెదడులో ఒక విచిత్రం గమనించింది. కోతి తాను ఒక వస్తువును అందుకున్నప్పుడు స్పందించే కొన్ని కణాలు, ఎదుటివాళ్లు అందుకోవడం చూసినప్పుడూ స్పందించాయి. కానీ తర్వాత లండన్‌లో బ్యాలే కళాకారుల మీద జరిగిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. బ్యాలేలో ఆడవాళ్లు చేసే కదలికలు కొన్ని, మగవాళ్లు చేసేవి కొన్ని వేరుగా ఉంటాయి. ఒకే హాల్లో సాధన చేస్తారు కనుక ఒకరివి ఒకరు రోజూ చూస్తూనే ఉంటారు. అయినా కదలికలకు సంబంధించిన మెదడు భాగాలు తాము చేసేవాటిని చూసినప్పుడే ఎక్కువగా స్పందించాయి.

దీనికి లండన్ దాకా వెళ్లక్కర్లేదు. నాచారంలోనో హబ్సిగూడలోనో కూచిపూడి క్లాసు బయట కూర్చుని ఎదురుచూసే అమ్మలను అడగండి. జతులు నోటికి వచ్చేసి ఉంటాయి, కాళ్లకు రావు.

ఎందుకిలా? బంతి వస్తుంటే అది ఎక్కడికి, ఎప్పుడు చేరుతుందో మెదడు అంచనా వేస్తుంది. బ్యాట్ తగల్లేదంటే అంచనా తప్పిందన్నమాట. ఆ తేడాను చూసుకుని తర్వాతి కదలికను సరిచేయడంలో చిన్నమెదడుది పెద్ద పాత్ర. ఫోన్‌లో షాట్ చూస్తే సరిదిద్దుకోవడానికి మన తప్పంటూ ఏదీ ఉండదు. అంటే ఆ బాబు వదిలేసిన నాలుగు బంతులే ఆ రోజు వాడికి అసలు పాఠం. ‘రాదు’ అనుకుని లేచిపోయాడు కాబట్టి ఆ పాఠం సగంలో ఆగింది. నా భయం కూడా అదే. చూసి చూసి కొండంత ధీమా తెచ్చుకున్న పిల్లలు మొదటి తప్పుకే కుంగిపోతున్నారు, ఆటే వదిలేస్తున్నారు.

మన పరిస్థితులు నాకు తెలుసు. పార్కింగ్‌లో ఆడితే కార్లకు తగులుతుందని వాచ్‌మన్ అరుస్తాడు. ఖాళీ స్థలాలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. మా వైపు కూడా లోపం ఉంది. పరీక్షలు దగ్గర పడితే ముందు కోత పడేది గేమ్స్ పీరియడ్‌కే. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు మార్కులతో పాటు ‘ఈ నెల గేమ్స్ పీరియడ్లు ఎన్ని జరిగాయి?’ అని కూడా అడగండి. మీరు అడిగితేనే ఆ పీరియడ్ నిలుస్తుంది.

ఇంట్లో మాత్రం ఒక్కటి చేయండి. ఆట కానీ, డ్యాన్స్ కానీ, స్కిప్పింగ్ కానీ, వీడియో ఒకటి రెండుసార్లు చూడగానే ఆపించి పది నిమిషాలు చేయించండి. బాల్కనీ ఉన్నంత చోటైనా చాలు. ఎన్ని తగిలాయో లెక్కపెట్టకండి, ఎన్నిసార్లు ప్రయత్నించారో లెక్కపెట్టండి. ‘వాడు చూడు ఎంత బాగా ఆడుతున్నాడో’ అనే మాట వద్దు. వీడియో తీయడం మానేసి బంతి మీరే వేయండి. అభిషేక్ శర్మకు తొలి కోచ్ వాళ్ల నాన్నగారే.

ఆ రోజు ఆ బాబును నీడలోంచి లేపి, కుడిచేతి వాటంగానే నిలబెట్టి, టెన్నిస్ బంతిని నెమ్మదిగా కింద నుంచి వేశాను. పదకొండో బంతి బ్యాట్‌కి తగిలింది. గోడ దాకా కూడా పోలేదు. వాడే పరుగెత్తుకెళ్లి బంతి తెచ్చి నా చేతిలో పెట్టి, ‘ఇంకోటి వేయండి సార్’ అన్నాడు.

– మీ పిల్లల వ్యాయామ ఉపాధ్యాయుడు