జూలియట్ అడిగింది 'ఎక్కడ' అని కాదు

కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకి 'రోమియో అండ్ జూలియట్' చెప్పినన్నాళ్లూ రెండో అంకం రెండో రంగమంటే నేనూ వెన్నెల, మేడ, ప్రేమ అనే చెప్పాను. గైడ్లలోనూ అదే ఉంటుంది. షేక్‌స్పియర్ రాసిన దాంట్లో బాల్కనీ అన్న మాటే లేదు, కిటికీ ఉంది. అది చిన్న తప్పు. 'వేర్‌ఫోర్' అంటే 'ఎక్కడ' అనుకుని, జూలియట్‌ని ప్రియుడి కోసం దిక్కులు చూసే పిల్లని చేశాం. ఆ మాటకర్థం 'ఎందుకు'. నువ్వు ఆ ఇంటివాడివెందుకయ్యావని ఆమె నిలదీస్తోంది, ఎవరూ వినడం లేదనుకుని. పద్నాలుగేళ్లైనా నిండని పిల్ల! ఆ రాత్రి పెళ్లి మాట ఎత్తిందీ ఆమే.

మన దగ్గర ఆ ఇంటిపేరు వెనకాల కులముంటుంది. 'మీరేమోళ్లు?' అని అడిగాకే కూర్చోమంటారు. 2018 డిసెంబరులో పాత ఆదిలాబాద్ జిల్లా కలమడుగులో, వేరే కులం అబ్బాయిని పెళ్లాడిన కూతుర్ని కన్నవాళ్లే చంపి కాల్చేశారని కేసు నమోదైంది. నాటకంలోనూ, తను కుదిర్చిన పెళ్లి కాదంటే వీధుల్లో పడి చావమన్నది కన్నతండ్రే.

ఇంత తెలిసీ, సాహిత్యం చెప్పే మనం పరీక్షలో ఈ రంగంలోని ప్రణయ సౌందర్యాన్నే వివరించమని అడుగుదామా? నేనిక అడగను. జూలియట్ వేసిన ప్రశ్నకి మీ ఇంట్లో ఏం జవాబొస్తుందో రాయమంటాను.