ఆ రిపోర్టులో మీ కూలి ఎక్కడ?

చిన్న పరిశ్రమకు అప్పు కావాలని బ్యాంకుకు వెళితే మేనేజరుగారు మొదట అడిగేది ప్రాజెక్టు రిపోర్టు. అడగ్గానే మనవాళ్లు చేసే పని ఒక్కటే. తెలిసిన ఆడిటరుకు ఎంతో కొంత ఇచ్చి తయారు చేయించుకోవడం. నీటుగా టైపు చేసిన కాగితాలు, ఐదేళ్ల లాభాల పట్టికలు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! చివర్న సంతకం మాత్రం మనది. లోపల ఏముందో చదివారా అంటే, "అవన్నీ మావారు చూసుకుంటారండీ" అని జవాబు.

కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. అప్పు మీ పేరు మీద ఉన్నప్పుడు ఆ రిపోర్టు మీరే రాయాలి. టైపు ఎవరు చేసినా ఫరవాలేదు, అంకెలు మాత్రం మీవై ఉండాలి. వాయిదా తప్పితే నోటీసు వచ్చేది మీ పేరుకే. రేపు ఇంకో అప్పుకు వెళితే అడ్డుపడేదీ ఆ పాత బాకీయే.

"మాకేం వస్తుందండీ రాయడం" అనకండి. ఇల్లు గడిపే మనిషికి లెక్క రాకపోవడమేమిటి! పచ్చళ్ల వ్యాపారమే తీసుకుందాం. కిలో ఆవకాయ షాపుకు 300 రూపాయలకు ఇస్తారనుకోండి. కాయ, కారం, ఆవపిండి, నూనె, ఉప్పు కలిపి 170. సీసా, లేబులు, ఆటో ఖర్చు 40. మిగిలేది 90. నెలకు వంద కిలోలు అమ్మితే 9,000. అందులో గది అద్దె, కరెంటు 2,000, బ్యాంకు వాయిదా 2,500 పోగా 4,500 మిగులుతుంది. రిపోర్టులో దీన్నే "నికర లాభం" అని రాస్తారు. అందరూ సంతోషిస్తారు.

అయితే ఆ వంద కిలోలకు పాతిక రోజులు కాయ కొట్టి, టెంక తీసి, తుడిచి, కలిపి, సీసాలకు ఎత్తినది ఎవరు? మీరే. బయట ఆ పనికి మనిషిని పెడితే రోజుకు 400 అనుకున్నా, నెలకు 10,000 ఇవ్వాలి. అది లెక్కలో వేస్తే మిగిలింది లాభం కాదు, 5,500 నష్టం! నేను చూసిన రిపోర్టుల్లో చాలావాటిలో ఈ ఒక్క పద్దే ఉండదు. యంత్రానికి తరుగు రాస్తారు, గదికి అద్దె రాస్తారు. మనిషికి మాత్రం సున్నా.

"ఇంట్లో పనికి కూలేమిటి?" అనేవాళ్లుంటారు. సరే, మీకు జ్వరమొచ్చి పది రోజులు పడుకుంటే? ఆర్డర్లు పెరిగి ఇద్దరు మనుషులు కావలసివస్తే? వాళ్లు ఊరికే చేయరు కదా. వాళ్లకివ్వడానికి మీ ధరలో చోటు లేకపోతే, వ్యాపారం పెరిగినకొద్దీ నష్టమే పెరుగుతుంది. పై లెక్కలోనే చూడండి. కూలితో సహా అన్ని ఖర్చులూ రావాలంటే నెలకు 162 కిలోలు అమ్మాలి. ఒక్క మనిషి చేతుల మీద అంత అవుతుందా? ధర పెంచాలా? షాపుకు కాకుండా నేరుగా ఇళ్లకు అమ్మాలా? ఈ ప్రశ్నలు అప్పు తీసుకోకముందే రావాలి. రిపోర్టు రాయడం అందుకే.

1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే ఇవాళ్టి లిజ్జత్. అక్కడ అప్పడాలు ఒత్తిన మనిషికి ఒత్తుడు కూలి విడిగా లెక్క. లాభం పంచుకోవడం ఆ తర్వాతి మాట. మనం నేర్చుకోవలసింది అదీ!

ఇంకో చిక్కు కాలానిది. ఆవకాయకు కాయ దొరికేది ఎండాకాలంలోనే. ఏడాదికి సరిపడా కాయ, నూనె, కారం రెండు నెలల్లో కొనాలి. అమ్ముడయ్యేది మాత్రం ఏడాది పొడుగునా. రిపోర్టులో పన్నెండు నెలలకూ ఒకే అంకె వేస్తే మే నెలలో చేతిలో డబ్బుండదు, గాజులు తాకట్టుకు వెళతాయి. అందుకే నెల నెలకూ వచ్చేదెంత, పోయేదెంత విడివిడిగా రాసుకోండి. షాపువాళ్ల అరువూ అందులోనే వేయండి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, నమోదైన చిన్న ఉత్పత్తిదారుకు సరుకు కొన్నవాళ్లు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఉద్యమ్ నమోదుకు రుసుము కూడా లేదు. అయినా ఆ 45 రోజులు గడిపే డబ్బు మన దగ్గర ఉండాలి కదా!

ఇక సబ్సిడీ సంగతి. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మహిళలకు పట్టణాల్లో 25 శాతం, పల్లెల్లో 35 శాతం సబ్సిడీ పెట్టారు. జనరల్ వర్గంలోని మగవాళ్లకంటే ఇది పది శాతం ఎక్కువ. దాంతో కాగితాల మీద యజమానురాళ్లు పుట్టుకొస్తున్నారు. ఆ సబ్సిడీ మొదట మన చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాకే అప్పులో సర్దుతారు. 2015లో మొదలైన ముద్రా రుణాలకు తాకట్టు అక్కర్లేదు, నిజమే. తాకట్టు లేనంత మాత్రాన అది అప్పు కాకుండా పోదు.

కాబట్టి ఓ నోటుపుస్తకం తీసుకోండి. ఏం అమ్ముతారు, ఎవరికి, ఎంతకు, ఎప్పుడు డబ్బొస్తుంది, నెలకు మీ కూలి ఎంత, ఈ ఐదింటికీ మీ చేత్తో జవాబు రాయండి. ఆ తర్వాతే ఆడిటరు దగ్గరకు వెళ్లండి. ఆయన అంకె మీ అంకెతో కలవకపోతే ఎందుకో అడగండి. జవాబు తెలిసేదాకా కలం మూత తీయకండి.