విచారణ ఒక్కరోజుది, తుపాకీ ఐదేళ్లది

లైసెన్సు తుపాకీతో జనానికి ముప్పు లేదని, భయపడాల్సింది లైసెన్సు లేని నాటు తపంచాకేనని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు చాలామంది గట్టిగా నమ్ముతారు. ఠాణా విచారణ, ఎస్పీ నివేదిక, కలెక్టర్ సంతకం దాటి వచ్చిన ఆయుధం కదా, ఇంకేం కావాలంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఆ విచారణ దేన్ని చూస్తుందో, ఎప్పుడు చూస్తుందో అడిగితే మాత్రం ఈ వాదన నిలబడదు.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. దేశంలో తుపాకీ హత్యల్లో అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతోనే జరుగుతున్నాయని జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కలు చెబుతున్నాయి. బీహార్ వైపు తయారైన నాటు పిస్తోళ్లు హైదరాబాద్ దాకా వస్తున్న సంగతీ తెలిసిందే. అంతమాత్రాన లైసెన్సు విచారణ సక్రమంగా ఉందని ఎలా తేలుతుంది? దొంగనోట్లు పెరిగాయి కాబట్టి బ్యాంకులో ఆడిట్ అక్కర్లేదన్నట్టుంది ఈ తర్కం.

గోదావరి దాటి ఆదిలాబాద్ పోదాం. 2020 డిసెంబరు 18న అక్కడి తాటిగూడలో మున్సిపాలిటీ మాజీ వైస్ చైర్మన్ ఒకరు పాత కక్షతో జనం మీద కాల్పులు జరిపారు. పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవ అది. గాయపడిన వారిలో ఒకరు చికిత్స పొందుతూ చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు నిందితుడికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ తుపాకీ బీహార్‌లోని ముంగేర్ నుంచి దొంగతనంగా రాలేదు. సర్కారు లైసెన్సుతోనే ఆయన చేతికొచ్చింది. లైసెన్సు రద్దయింది, నిజమే, కానీ తూటాలు పేలిన తర్వాత. జనానికి కావలసిన రక్షణ ఆ రద్దుకు ముందు ఉండాల్సింది.

అసలు విచారణలో ఏం చూస్తారు? 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు రాగానే దగ్గరి ఠాణా అధికారి నివేదిక తెప్పించుకోవాలి. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో పోలీసు కమిషనరేట్లు లేవు కనుక లైసెన్సు ఇచ్చేది కలెక్టరే. 2016 నిబంధనలు వచ్చాక మానసిక, శారీరక ఆరోగ్యం మీద డాక్టరు సర్టిఫికెట్ కూడా పెట్టాలి. కాగితం మీద కట్టుదిట్టంగానే కనిపిస్తుంది. అదే 13వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: ఠాణా నివేదిక గడువులోగా రాకపోతే, దాని కోసం ఇక ఆగకుండా అధికారి తన నిర్ణయం తాను తీసుకోవచ్చు. విచారణే మూలస్తంభమని మనం అనుకుంటుంటే, అది లేకుండా కూడా కప్పు వేయవచ్చని చట్టమే రాసిపెట్టింది.

9వ సెక్షన్ సంగతీ అంతే. హింసాత్మక నేరంలో శిక్ష పడితే, శిక్ష ముగిశాక అయిదేళ్ల దాకా ఆ మనిషి ఆయుధం పెట్టుకోరాదు. మన కోర్టుల్లో కేసు తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరికి తెలియదు? ఆలిని కొట్టాడని, పొలం గట్టు కాడ కత్తి తీశాడని కేసు నమోదైనా, తీర్పు వచ్చేదాకా ఆ నిషేధం వర్తించదు. లైసెన్సు ఆపే అధికారం 17వ సెక్షన్ కింద కలెక్టరుకు ఉంది. కానీ అది ఆయన విచక్షణ. ఠాణాలో పడ్డ ఫిర్యాదు కలెక్టరేట్‌లోని లైసెన్సు ఫైలును తనంతట తానుగా కదిలించదు. కేసు ఒక బల్ల మీద, తుపాకీ కాగితం ఇంకో బల్ల మీద.

2019 సవరణను గొప్ప సంస్కరణ అన్నారు. ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. సంబరాల్లో గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలన్నారు. మంచిదే. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. తుపాకులు తగ్గించి, తుపాకీ పట్టుకున్న మనిషిని మళ్లీ చూసే రోజును వెనక్కి జరిపారు. అయిదేళ్లలో మనిషి అప్పులపాలు కావచ్చు, తాగుడుకు బానిస కావచ్చు, పాలోళ్లతో భూమి పంచాయితీలో పగబట్టవచ్చు. మొదటిరోజు డాక్టరు రాసిన సర్టిఫికెట్‌కు ఇవేవీ తెలియవు.

ఈ ప్రాంతానికి తుపాకీ కొత్త కాదు. 1978 సెప్టెంబరులో దొరలకు ఎదురు నిలిచిన రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పట్లో దొరల గడీల గోడలకు వేలాడిన తుపాకుల వెనక సర్కారు కాగితం ఉండేది, ఎందుకంటే ఠాణా దృష్టిలో దొర పెద్దమనిషి. ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షన్ చెబుతున్నా, లైసెన్సు ఇప్పటికీ హోదాకు గుర్తే. పరపతి ఉన్నవాడికి కోపం రాదని ఏ శాస్త్రం చెప్పింది?

పోనీ, కట్టుదిట్టంగా ఉండాల్సిన సర్కారు ఆయుధాల గదులైనా భద్రమా? 2020 ఫిబ్రవరిలో సిద్దిపేట జిల్లా అక్కన్నపేటలో ఇరుగుపొరుగు గొడవలో ఏకే-47 పేలింది. అది హుస్నాబాద్ ఠాణాలోంచి అంతకుముందే మాయమైన తుపాకీ అని తేలింది. తన గదిలోని తుపాకీ ఎటుపోయిందో చెప్పలేని వ్యవస్థ, ఊళ్లో ఎవరింటి బీరువాలోనో ఉన్న పిస్తోలు గురించి భరోసా ఇస్తే ఎలా నమ్మాలి?

ఇది మన దగ్గరి అలసత్వమే అనుకోవద్దు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడికీ లైసెన్సు ఉంది. అది ఇచ్చేటప్పుడు అతని గురించి సరిగా తెలిసినవాళ్లను పోలీసులు విచారించలేదని రాయల్ కమిషన్ తప్పుపట్టింది. 2021 ఆగస్టులో బ్రిటన్‌లోని ప్లిమత్‌లో అయిదుగురిని కాల్చి చంపినవాడి తుపాకీని, ఒక దాడి కేసులో పోలీసులు అంతకుముందు తీసేసుకున్నారు. కాల్పులకు కొద్ది వారాల ముందే తిరిగిచ్చేశారు. విచారణ లేక కాదు, చూడాల్సిన దాన్ని చూడక ఈ ప్రాణాలు పోయాయి.

ఇక మన ప్రభుత్వమే ఒక మాట పరోక్షంగా ఒప్పుకుంటోంది. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సుదారులు తుపాకులు ఠాణాలో జమ చేయాలని పోలీసులు ప్రకటన ఇస్తారు. జిల్లా కమిటీలు ఎవరికి మినహాయింపు ఇవ్వాలో పరిశీలిస్తాయి. విచారణ అంత నమ్మదగినదైతే ఈ జమ ఎందుకు? కాక పెరిగితే లైసెన్సుదారుడూ గురి పెడతాడని సర్కారుకు తెలుసు కనుక. ఆ కాక పోలింగుకే పరిమితమా? భూమి తగాదాలకు, ఇంటి గొడవలకు కోడ్ ఉండదు.

తుపాకులన్నీ లాక్కొమ్మని ఎవరూ అనడం లేదు. హింస కేసు నమోదైన రోజే లైసెన్సు తాత్కాలికంగా ఆగాలి, ఆ తర్వాత విచారించి తేల్చాలి. ఠాణా నివేదిక లేకుండా లైసెన్సు ఇచ్చే వెసులుబాటు పోవాలి. ఏ జిల్లాలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ఎన్ని తిరస్కరించారో, ఎన్ని రద్దుచేశారో ఏటా బయటపెట్టాలి. వీటిలో కొన్నింటికి చట్టం మార్చాలి, ఢిల్లీ కదలాలి. కానీ ఒక పనికి ఢిల్లీ అక్కర్లేదు. ఎన్నికలు ముగిశాక ఠాణాలో జమైన తుపాకీని తిరిగిచ్చేముందు ఎస్‌ఐ ఆ మనిషి ఇంటికి పోయి, ఇంటివాళ్లతో, ఇరుగుపొరుగుతో మాట్లాడి, పాత ఫిర్యాదులు తిరగేసి, అనుమానం ఉంటే ఆపాలని కలెక్టరుకు రాయాలి. తుపాకీ అప్పటికే ఠాణాలో ఉంటుంది, 17వ సెక్షన్ అధికారం కలెక్టరు చేతిలో ఉంటుంది. ఈ మాత్రం కూడా చేయకుండా లైసెన్సు తుపాకీతో భయం లేదని జనానికి చెప్పే హక్కు ఏ అధికారికీ లేదు.