డ్రైవర్‌కున్న ధీమా పనిమనిషికేదీ?

ఒకే ఇంట్లో ఇద్దరు పనిచేస్తున్నారు. ఒకరు కారు డ్రైవర్, మరొకరు అంట్లు తోమి ఇల్లు తుడిచే మహిళ. నెలకు రూ.15,000 జీతం ఉన్న 40 ఏళ్ల డ్రైవర్ విధి నిర్వహణలో ప్రమాదానికి గురై మరణిస్తే, చట్టం లెక్క ప్రకారం యజమాని ఆ కుటుంబానికి సుమారు రూ.13.8 లక్షల పరిహారం చెల్లించాలి. అదే వయసు, అంతే సంపాదన ఉన్న పనిమనిషి పండగ ముందు బూజు దులుపుతూ స్టూలు మీద నుంచి పడి చనిపోతే ఆ లెక్క ఆమెకు వర్తించదు.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం రెండో షెడ్యూలులో యాంత్రిక వాహనాలపై పనిచేసేవారు ఉండేవారు, ఇంటిపని ఉండేది కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఇంటిపనివారిని అసంఘటిత కార్మికులుగా గుర్తించినా, పరిహారం విషయంలో పాత జాబితానే దాదాపుగా కొనసాగించింది.

డ్రైవర్ కుటుంబం యజమాని తప్పును నిరూపించనక్కర్లేదు. పనిమనిషి కుటుంబమైతే సివిల్ కోర్టుకెక్కి నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. తడి గచ్చు మీద స్టూలు వేయించింది ఎవరు? మూడో అంతస్తు కిటికీ అద్దాలను బయటివైపు తుడవమన్నది ఎవరు? నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్ష్యం దొరకదు. చివరికి ఆస్పత్రి ఖర్చులకని చేతిలో పెట్టిన కాస్త సొమ్మే దిక్కు. అదీ చాలాచోట్ల అడ్వాన్సుగా మారి వచ్చే నెల జీతంలో కోతపడుతుంది.

బీమా మార్గాలు లేకపోలేదు. డ్రైవర్ పట్ల యజమాని బాధ్యతకు కారు పాలసీలో ఏడాదికి రూ.50 అదనంగా కడితే చాలు. కొన్ని గృహ బీమా ప్యాకేజీల్లో ఇంటి పనివారికీ రక్షణ ఉంటుంది. కానీ అడిగి తీసుకునేవారు తక్కువ. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏటా రూ.20 ప్రీమియం. 18 నుంచి 70 ఏళ్లలోపు వారు ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు వస్తాయి. అయితే చేయి విరిగి మూడు నెలలు పనికి వెళ్లలేకపోతే ఆ పథకం నుంచి పైసా రాదు.

అందుకే వ్యక్తుల మంచితనం ఒక్కటే సరిపోదు. ఇంటిపనిని పరిహార జాబితాలో చేర్చాలి. ఒక మహిళ నాలుగిళ్లలో పనిచేస్తుంది కాబట్టి, నలుగురు యజమానుల నుంచీ చిన్న చందా వసూలు చేసి ఉమ్మడి నిధి నుంచి పరిహారం చెల్లించాలి. తమిళనాడు 2007లోనే ఇంటిపనివారికి సంక్షేమ బోర్డు పెట్టింది. వీరికి చట్టపరమైన రక్షణ కల్పించే విషయాన్ని పరిశీలించాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రాన్ని ఆదేశించింది. పని చేయించుకునేవారే ఆ పనిలోని ప్రమాదానికీ పూచీపడాలని శతాబ్దం కిందటే ఒప్పుకొన్నాం. ఆ సూత్రం ఇంటి గడప దగ్గరే ఆగిపోవడం అన్యాయం.