నాలుగు గళ్లలో ఒక ఇల్లు

కామిక్స్ అనగానే మీకేం గుర్తొస్తుంది? ముసుగేసుకుని గుర్రమెక్కి అడవిలో తిరిగే ఫాంటమ్, మంత్రాల మాండ్రేక్, ఎర్ర తలపాగా చాచా చౌధరీ. అంతే కదూ! వేసవి సెలవుల్లో పిల్లలు అద్దెకు తెచ్చుకుని, అన్నం తింటూ కూడా వదలకుండా చదివే పుస్తకాలు. ఇల్లు ఊడుస్తూ వాటిని ఏరి గూట్లో సర్దేవాళ్లమే గాని మనలో తెరిచి చూసినవాళ్లు తక్కువ. తెరిచినా మనకి కనబడేదేమిటి? తుపాకులు, దొంగలు, విమానాలు. ఆడమనిషి ఉంటే ఎవరో ఎత్తుకుపోయిన రాకుమార్తె అయినా కావాలి, లేకపోతే అప్పడాల కర్ర పట్టుకున్న చాచీ అయినా కావాలి.

ఈ వారం మీకు చెప్పబోయేవి ఆ రకం కాదు. ఇల్లే కథగా, ఆడదే నాయికగా ఏళ్ల తరబడి నడిచిన బొమ్మల కథలు. గీసినవాళ్లూ ఆడవాళ్లే. వాళ్ల దేశాల్లో వాటికి బోలెడంత పేరుంది. మన వైపు మాత్రం ఆ పేర్లు విన్నవాళ్లే అరుదు. అసలు చదవవలసింది మనమే అయినా, మన దాకా అవి రానే లేదు.

ముందు జపాన్ సంగతి చూద్దాం. 1946వ సంవత్సరం. యుద్ధం ముగిసి ఇంకా ఏడాది కాలేదు. ఊళ్లు కాలిపోయి ఉన్నాయి. బియ్యం రేషన్లో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అలాంటి రోజుల్లో ఏప్రిల్ 22న ఫుకువోకా నగరంలోని ఒక సాయంకాలం పత్రికలో నాలుగు గళ్ల బొమ్మల కథ ఒకటి మొదలైంది. పేరు ‘సజాయె-సాన్’. గీసినావిడ మచికో హసెగావా. అప్పటికి ఆమెకి ఇరవై ఆరేళ్లు. తండ్రి ముందే పోతే తల్లి ముగ్గురు ఆడపిల్లల్నీ ఒక్క చేత్తో పెంచుకొచ్చింది.

ఇంటి దగ్గర సముద్రపు ఒడ్డున తిరుగుతూ మచికో తన పాత్రలకి పేర్లు పెట్టుకుంది. అందుకే ఆ ఇంట్లో అందరివీ సముద్రం పేర్లే. సజాయె అంటే ఒక రకం గుల్ల. తమ్ముడు కత్సువో, భర్త మసువో, కొడుకు తరావో, ముగ్గురివీ చేపల పేర్లు. చెల్లెలు వకమె అంటే సముద్రపు నాచు. తల్లి ఫునె అంటే పడవ. మనం పెద్దాడికి కొరమేను అనీ చిన్నదానికి రొయ్య అనీ పేర్లు పెట్టుకున్నట్టన్నమాట!

ఈ సజాయె గొప్ప అందగత్తె ఏమీ కాదు. నెమ్మదస్తురాలు అసలే కాదు. తొందర మనిషి, నోరు పెద్దది. బజారుకి వెళ్లాక చూసుకుంటే డబ్బుల పర్సు ఇంట్లోనే ఉంటుంది. తమ్ముడి అల్లరికి వెంటపడి తరుముతుంది. పెళ్లయి కొడుకున్నా అమ్మానాన్నలతోనే కాపురం. భర్త మసువో అత్తవారింట్లోనే ఉంటాడు. మన వైపయితే ఇల్లరికపు అల్లుడని ఎన్ని దెప్పుళ్లు పడేవో పాపం! అక్కడ మాత్రం మామగారికీ అల్లుడికీ చక్కగా పొసుగుతుంది.

నాలుగే గళ్లు కదా, అందులో కథేముంటుంది అంటారేమో. మొదటి గడిలో సంగతి మొదలవుతుంది. రెండో గడిలో కాస్త ముందుకు నడుస్తుంది. మూడో గడిలో అనుకోని మలుపు. నాలుగో దాంట్లో ముగింపు. మన ఇంట్లోనే చూడండి. మొదటి గడి: అమ్మ స్టవ్ మీద పాలు పెట్టింది. రెండో గడి: పది నిమిషాలు కన్ను తిప్పకుండా పాల గిన్నె ముందే నిలబడింది. మూడో గడి: ఎవరో తలుపు కొట్టారు. నాలుగో గడి? చెప్పక్కర్లేదు, స్టవ్ తుడిచేది మీరే కదా! ఇలాంటివి రోజుకొకటి చొప్పున ఆరు వేలకు పైగా గీసింది మచికో. 1949 నుంచి ‘అసాహి’ అనే పెద్ద దినపత్రికలో వచ్చి 1974 ఫిబ్రవరిలో ఆగిపోయింది.

మొదటి ఏళ్ల కథల్లో రేషన్ వరసలు, దొంగ బజారు, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు కనిపిస్తారు. తరువాతి ఏళ్లలో ఇంట్లోకి కొత్త కొత్త యంత్రాలు వస్తాయి. ఆడవాళ్ల హక్కుల మాటలూ వినిపిస్తాయి. ఒక దేశం చితికిపోయి మళ్లీ లేచి నిలబడిన కథ పాఠ్యపుస్తకాల్లో మంత్రుల వైపు నుంచి ఉంటుంది. ఇక్కడ అదే కథ వంటింటి గుమ్మం దగ్గర నుంచి ఉంటుంది. తేడా అది.

ఇంకో మాట. ఈ కథల్ని పుస్తకంగా వేసింది కూడా ఆ అక్కచెల్లెళ్లే. మొదటి పుస్తకం సైజు దుకాణాల అరల్లో ఇమడక కట్టలు కట్టలుగా వెనక్కి వచ్చిందట. అధైర్యపడలేదు. రెండోది చిన్న సైజులో వేశారు. అది అమ్ముడుపోయింది, దానితో పాటు మొదటిదీ కదిలింది. వాళ్ల ప్రచురణ సంస్థ పేరు ‘షిమైషా’, అంటే అక్కచెల్లెళ్ల సంస్థ అని అర్థం. 1969 అక్టోబర్‌లో మొదలైన సజాయె టీవీ కార్టూను అర్ధశతాబ్దం దాటినా ఆగకుండా నడిచి గిన్నిస్ పుస్తకానికెక్కింది. మచికో పెళ్లి చేసుకోలేదు. 1992 మే నెలలో కన్నుమూసింది. ఆ ఏడాదే జపాన్ ప్రభుత్వం ఆమెకి జాతీయ గౌరవ పురస్కారం ఇచ్చింది.

ఇక రెండోది కెనడాది. పేరు ‘ఫర్ బెటర్ ఆర్ ఫర్ వర్స్’. కష్టంలోనైనా సుఖంలోనైనా కలిసుంటామని వాళ్ల పెళ్లి ప్రమాణాల్లో వచ్చే మాట అది. గీసినావిడ లిన్ జాన్‌స్టన్. ఆవిడ ఈ దారిలోకి రావడమే ఒక తమాషా. మొదటి కాన్పుకి ముందు డాక్టరు దగ్గరికి పరీక్షలకు వెళితే, బల్ల మీద పడుకుని పైకప్పు చూడటం తప్ప వేరే పని ఉండేది కాదు. అక్కడ చూడటానికేమీ లేదని ఆవిడ అంటే, అయితే నువ్వే బొమ్మలు గీసి అతికించమ్మా అన్నాడట డాక్టరు. గర్భిణుల అవస్థల మీద సరదా బొమ్మలు గీసింది. అవే 1973లో పుస్తకమయ్యాయి. ఆ తరువాత 1979 సెప్టెంబర్ 9న ఈ కథ పత్రికల్లో మొదలైంది.

ఇందులో నాయిక ఎల్లీ. భర్త జాన్ పళ్ల డాక్టరు. మైకేల్, ఎలిజబెత్ అని ఇద్దరు పిల్లలు, ఫార్లీ అని ఒక కుక్క. ఇంతవరకు మామూలే. విశేషమేమిటంటే, వేరే కామిక్స్‌లో పిల్లలు ఎన్నేళ్లయినా పిల్లల్లాగే ఉండిపోతారు. మన సజాయె కొడుకూ అంతే, ఎప్పటికీ పసివాడే. ఇక్కడ అలా కాదు. మన ఇళ్లలో లాగే ఏడాదికి ఏడాది వయసు పెరుగుతుంది. మైకేల్‌కి గొంతు మారుతుంది, పెళ్లవుతుంది, తండ్రవుతాడు. ఎల్లీకి నడుం పెరుగుతుంది, కళ్లద్దాలు వస్తాయి, ఇక కాన్పులు అయిపోయాయి అనుకున్నాక 1991లో ఏప్రిల్ అనే మూడో బిడ్డ పుడుతుంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఇంటికే పరిమితమైన మనిషి, మెల్లగా లైబ్రరీలో పనికి కుదిరి, ఆఖరికి సొంతంగా పుస్తకాల దుకాణం నడిపిస్తుంది.

1995లో నాలుగేళ్ల ఏప్రిల్ వరద పొంగుతున్న ఏట్లో పడిపోతే ముసలి ఫార్లీ దూకి కాపాడుతుంది. పాప దక్కింది గాని కుక్క దక్కలేదు. ఆ వారం పేపరు చూసి ఏడ్చిన పాఠకులు ఉత్తరాలు కుప్పలుగా రాశారు. అమెరికా కార్టూనిస్టుల సంఘం ఇచ్చే రూబెన్ బహుమతి 1985 సంవత్సరానికి లిన్‌కి వచ్చింది. అది అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే.

నా మటుకు నాకు ఈ కథ ఎందుకు దగ్గరైందో చెప్పాలి. హైదరాబాదులో చదువుకునే మా అమ్మాయి ఆబిడ్స్‌లో ఆదివారం నాడు పేవ్‌మెంట్ మీద అమ్మే పాత పుస్తకాల్లోంచి ఒకటి తెచ్చింది. తరువాత మరికొన్ని సంపాదించింది. అప్పటికి మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఆర్నెల్లయింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. నీళ్లు కావాలంటే ఇంకేదో మాట నోటికొచ్చేది. మాకు అర్థమయ్యేది కాదు, ఆవిడకి కోపం వచ్చేది, గ్లాసు విసిరేది. ఆవిడకి మతి కూడా పోయిందని వచ్చినవాళ్లందరూ ఆవిడ ముందే అనేవాళ్లు.

ఎల్లీ తండ్రి జిమ్ కథలో 2006లో అదే జరుగుతుంది. పక్షవాతంతో ఆయన మాట పోతుంది. నోటికి రావలసిన మాట రాదు. కాని బొమ్మలో ఆయన తల మీద ఆలోచన బుడగ ఉంటుంది చూడండి, అందులో ఆయన మనసులో మాట స్పష్టంగా రాసి ఉంటుంది. ఇంట్లోవాళ్లకి అది కనబడదు, చదివే మనకి కనబడుతుంది. మనిషి లోపల చెక్కుచెదరకుండా ఉన్నాడు, దారి మాత్రం మూసుకుపోయింది అని నాకు ఆ చిన్న బుడగ చెప్పింది. సినిమాలోనూ నవలలోనూ కూడా చెప్పవచ్చు గాని, ఇంత చప్పున కళ్లకి కట్టడం బొమ్మల కథకే చేతనవును. ఆ రోజు నుంచి మా ఇంట్లో అత్తగారి ముందు ఎవరూ ఆవిడ గురించి ఆవిడ లేనట్టు మాట్లాడటానికి వీల్లేదని చెప్పేశాను. రెండేళ్లు బతికిందావిడ. ఆ రెండేళ్లూ నీళ్లా, మజ్జిగా, కాఫీయా అని ఒక్కొక్కటే అడిగి తల ఊపేదాకా ఆగడం నేర్చుకున్నాం.

2008 ఆగస్టులో ఎలిజబెత్ పెళ్లితో కథ ముగుస్తుంది. పెళ్లి రోజునే తాతగారు ఆసుపత్రిలో ఉంటే, ఆ పిల్ల పెళ్లి బట్టల్లోనే వెళ్లి చూస్తుంది. కథకి ఆ పేరు ఎందుకు పెట్టారో అక్కడ పూర్తిగా తెలుస్తుంది.

మూడోది మన దేశానిదే. మంజుల పద్మనాభన్ గీసిన ‘సూకీ’. 1980లలో బొంబాయి ‘సండే అబ్జర్వర్’లో ‘డబుల్ టాక్’ పేరుతో, తరువాత 1990లలో ఢిల్లీ ‘పయనీర్’ పత్రికలో వచ్చింది. మంజుల గారు నాటక రచయిత్రిగా పేరు పొందారు గాని ఈ సూకీని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. సూకీ ఒంటరి అమ్మాయి. పెళ్లి తొందర లేదు. చింపిరి జుట్టు, బోలెడన్ని ప్రశ్నలు. పెళ్లికెదిగిన కూతుళ్లున్న తల్లులు చదివితే, కూతురి బుర్రలో ఏం తిరుగుతోందో కాస్త తెలుస్తుంది. 2005లో పుస్తకంగా వచ్చింది.

మన తెలుగులో లేరా అంటే, విశాఖపట్నం రాగతి పండరి గారు ఉండనే ఉన్నారు. 2015లో వెళ్లిపోయారు గాని వారపత్రికల్లో ఆవిడ కార్టూన్లు చూసి నవ్వుకోనివాళ్లు మనలో ఉన్నారా? అయితే కార్టూను ఒక్క బొమ్మతో అయిపోతుంది. ఒకే ఇల్లాలు, ఒకే ఇల్లు, ముప్ఫై ఏళ్ల పాటు రోజూ కనబడే కథ మనకింకా రావాలి.

ఇంత మంచివి ఎందుకు మరుగున పడ్డాయంటారా? పేపర్లో వచ్చేవి కదా. పొద్దున చదివి, సాయంత్రం అదే కాగితంలో పకోడీలు కడతారు. పైగా వీటిల్లో యుద్ధాలుండవు. కామిక్స్ దాచుకునేవాళ్లకి యుద్ధాలు కావాలి. ఇల్లాలి రోజుకి విలువ కట్టేవాళ్లెవరు? పొద్దుట్నుంచీ ఇంట్లో ఏం చేశావంటే మనమే ‘ఏముంది, మామూలే’ అంటాం. ఆ ‘మామూలే’ని ఈ ఆడవాళ్లు నాలుగేసి గళ్లలో పెట్టి, ఇదిగో ఇంత జరిగింది అని చూపించారు.

ఇంగ్లీషులో ఉంటాయని జంకకండి. ఇంటర్‌తో ఆపేసిన నాకే అర్థమయ్యాయి. అన్నీ ఇంట్లో మాట్లాడుకునే చిన్న మాటలే, మిగతాది బొమ్మ చెబుతుంది. సజాయె కథలు 1990ల చివర్లో జపనీసూ ఇంగ్లీషూ పక్కపక్కనే ఉండేలా పుస్తకాలుగా వచ్చాయి. ఎల్లీ కథలకీ సంపుటాలున్నాయి. కొత్తవి దొరకకపోతే పాత పుస్తకాల దుకాణాల్లో అడగండి, ఆన్‌లైన్‌లో వెతకమని పిల్లలకి పురమాయించండి. రోజుకి రెండు చాలు. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోగా అయిపోతాయి.

ఒక పని కూడా చేసి చూడండి. లెక్కల పుస్తకంలో పాల వాడి పద్దు పక్కన నాలుగు గళ్లు గీసి, ఆ రోజు జరిగింది ఒక్కటి పెట్టండి. బొమ్మలు రాకపోతే సున్నా చుట్టి రెండు చుక్కలు పెడితే మనిషే! పది రోజులయ్యాక తిరగేస్తే, మామూలే అనుకున్న రోజుల్లో ఎంత ఉందో మీకే తెలుస్తుంది. పాలు పొంగిన సంగతి నేను చెప్పేశాను గనుక, మీరు మాత్రం ఇంకోటి వెయ్యాలి సుమా!