ఇంటర్‌వ్యూ పరీక్షలు

జహీరాబాదు వాస్తవ్యుడు, మాకు పరిచితుడైన ఒక సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఈమధ్య హైదరాబాదులో ఒక సంస్థ ఇంటర్‌వ్యూకు వెళ్ళి వచ్చినాడు. పదునాలుగేండ్ల అనుభవం గలవాడు. ఒకరు వ్రాసిన ప్రోగ్రాములలో దోషాలు పట్టి సవరించటం, చిన్నవారికి పని నేర్పటం అతని నిత్యకృత్యం. ఆ పనిని గురించి ఒక్క ప్రశ్న అయినా వేయలేదట! కాలేజీలో ఎన్నడో చదివి మరచిన ‘బైనరీ ట్రీ’ లెక్క ఒకటి ఇచ్చి, ఇరవై నిమిషాలలో తెల్లబల్లమీద చేసి చూపమన్నారు. అడిగినవారిలో ఒకాయన ఆసాంతం సెల్‌ఫోను చూచుకొంటూనే ఉన్నాడు. ఇతనికి చేయి ఆడలేదు. తిరుగుప్రయాణంలో బస్సు పటాన్‌చెరు దాటేసరికి లెక్క తేలిపోయినదని చెప్పి నవ్వినాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇది ఒక్కని గోడు కాదు. ‘హోంబ్రూ’ అనే ప్రసిద్ధ సాధనాన్ని నిర్మించిన మాక్స్ హోవెల్ 2015లో గూగుల్‌వారి ఇంటర్‌వ్యూలో నెగ్గలేదు. వారి ఇంజనీర్లలో అత్యధికులు తన సాధనాన్నే వాడుతున్నా, ఇటువంటి చెట్టునే తలక్రిందులు చేయలేనందుకు తనను కాదన్నారని ఆయన బహిరంగంగా వాపోయినాడు.

2020లో ఉత్తర కరొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలసి 48 మంది విద్యార్థులను పరీక్షించారు. సగంమంది పరీక్షకుని ఎదుట తెల్లబల్లమీద లెక్క చేశారు. తక్కినవారు గదిలో ఒంటరిగా చేశారు. ఎదుట చేసినవారి ఫలితం రెండవవారిలో సగమైనా లేదు. ఎదుట చేసిన స్త్రీలలో ఒక్కరూ గట్టెక్కలేదు. ఒంటరిగా చేసిన స్త్రీలందరూ గట్టెక్కారు. సంఖ్య చిన్నదే. ఐనా, పిల్లవానిని నల్లబల్ల దగ్గరకు పిలిచి, వాని చేతిలో సుద్దముక్క వణకటం చూచిన ఉపాధ్యాయునికి ఈ సంగతి పరిశోధకులు చెప్పవలెనా?

సంస్థల వాదం బొత్తిగా కొట్టివేయదగినది కాదు. ఒక్క ఉద్యోగానికి వందలాది దరఖాస్తులు వస్తే ఏదో ఒక కొలబద్ద ఉండవలసినదే. కాని కొలిచేది ఏమిటి? ఎనుబదియైదేండ్ల పరిశోధనలను సమీక్షించి షిమిట్, హంటర్ అనే పండితులు 1998లో ప్రకటించిన వ్యాసంలో, చేయబోయే పనినుంచే ఒక నమూనా ఇచ్చి చేయించటాన్ని ఉత్తమమైన పద్ధతులలో ఒకటిగా చూపారు. పొడుపుకథలవంటి ప్రశ్నలు వట్టి కాలహరణమని గూగుల్‌లో సిబ్బంది వ్యవహారాల విభాగం పెద్దయే 2013లో ఒప్పుకొన్నాడు. అట్లని ఆ చెట్లూ బల్లలూ ఎక్కడికీ పోలేదు.

హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల తన మైక్రోసాఫ్ట్ ఇంటర్‌వ్యూను గురించి 2017లో వెలువడిన పుస్తకంలో వ్రాసుకొన్నారు. వీధిలో పసిబిడ్డ పడి ఏడుస్తూంటే ఏమి చేస్తావని అడిగారు. అత్యవసర సహాయానికి ఫోను చేస్తానన్నారాయన. ముందు బిడ్డను ఎత్తుకోవలెనయ్యా అని అడిగినాయన అక్కడికక్కడే చెప్పినాడు. ఉద్యోగం పోయినదనే నాదెళ్ల తలచారు. కాని వచ్చినది, 1992లో చేరి, 2014లో ఆ సంస్థకే అధిపతి అయినారు. తన జవాబులోని లోపమేమిటో గది దాటకముందే ఆయనకు తెలిసినది. జహీరాబాదు ఇంజనీరుకు “తరువాత తెలియజేస్తాము” అన్న మాట తప్ప, నెల దాటినా ఒక్క ముక్క రాలేదు.